గాలిలో కమాను

"ఇది రాసిన మహానుభావులు ఎవరండీ?"

వాద్యాల దుకాణం వెనక గదిలో మధ్యాహ్నం క్యారేజీ మూత తీయబోతున్న అతను తలెత్తాడు. గుమ్మంలో ఒకమ్మాయి. గొడుగు మూసింది గానీ, అది పట్టుకొచ్చిన వాన ఇంకా కారుతూనే ఉంది. ఆమె చేతిలోని కాగితాల కట్ట మాత్రం ప్లాస్టిక్ సంచిలో పొడిపొడిగా ఉంది. తాను తడిసినా కాగితాన్ని తడవనివ్వని మనుషులంటే అతనికి గౌరవం. ఆ గౌరవం సుమారు పదిహేను సెకన్లు నిలిచింది.

"నేనేనండీ," అన్నాడు.

"మీరేనా? నేను బడిలో సంగీతం టీచర్ని. మీరు చేసిన ఘనకార్యం మా పిల్లల చేత వాయింపించాల్సింది నేనే." కట్ట బల్ల మీద దభీమని పడింది.

అతని పని అదే. ఎవరు ఏ పాట అడిగినా, వాళ్ళ దగ్గరున్న వాద్యాలకు సరిపోయేట్టు దాన్ని విడదీసి, ఎవరి స్వరాలు వాళ్ళకు వేరే కాగితాల మీద రాసిస్తాడు. నాటకాలకు రాశాడు, రేడియో ప్రకటనలకు రాశాడు. పెన్సిల్ ఎప్పుడూ చెవి మీదే ఉంటుంది. ఇన్ని వాద్యాలకు రాసేవాడికి ఒక్క వాద్యమూ వాయించడం రాదు. ఆ సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వేసి మాట మార్చేవాడు.

ఈసారి వచ్చింది వేడుక పాట. ఆ బాణీ తెలియనివాళ్ళు లేరు. పుట్టినరోజైనా, పెళ్ళైనా, పరీక్ష గట్టెక్కినా, కొత్త కొట్టు తెరిచినా అదే. మాటలు రాని పిల్లలు కూడా దానికి చప్పట్లు కొడతారు. బడికి యాభై ఏళ్ళు నిండుతున్న రోజున పిల్లల ఆర్కెస్ట్రా దాన్ని వాయించాలి. వయొలిన్లు, వాటికంటే పెద్దవైన వయోలాలు, ఇంకా పెద్దవైన చెల్లోలు అన్నీ కలిపి ముప్పై తొమ్మిది మంది పిల్లలు. గడువు నాలుగు వారాలు.

"ఇందులో తప్పేముందండీ?"

"చివరి వరుస వయొలిన్లకి ఏం రాశారో పైకి చదవండి."

అతను చదివాడు. "కమాను తీగకు తగలకుండా, మిగతావారితో పాటు ఊపవలెను."

"అంటే?"

"అంటే... కమానుని గాలిలో ఊపుతారు. చప్పుడు రాదు. మీ లిస్టులో తొమ్మిది మంది చేరి మూడు నెలలే అయిందని ఉంది. వాళ్ళు మోగిస్తే మిగతా ముప్పై మంది కష్టం బూడిదలో పోసిన పన్నీరే. ఇలాగైతే స్టేజీ నిండుగా కనబడుతుంది. అందరూ చేసేదేనండీ."

"నిండుగా కనబడ్డానికి వాళ్ళేమన్నా పూలకుండీలా?" ఆమె గొంతు పెంచలేదు. అదే అతనికి ఎక్కువ గుచ్చుకుంది. "మా హాల్లో ఉత్తుత్తి వాయింపు ఉండదు. కుర్చీలో కూర్చున్న ప్రతి ఒక్కళ్ళూ మోగించాలి. మోగించింది చివరి కుర్చీ దాకా వినపడాలి. ఇంకోటి. దీన్ని ఈ-ఫ్లాట్ శృతిలో ఎందుకు పెట్టారు?"

"ఆ పాట ఉండేదే ఆ శృతిలో."

"ఎవరు చెప్పారు?"

ఆలోచిస్తే ఎవరూ చెప్పలేదు. "నా చెవుల్లో అలాగే ఉంది."

"మీ చెవులకి వేళ్ళు లేవు కదా! వయొలిన్‌కి నాలుగు తీగలు. వేలు పెట్టకుండా లాగితే నాలుగు స్వరాలు. కొత్త పిల్లలకి వచ్చిందల్లా అవే. మీ శృతిలో వాటిలో సగం పనికిరావు. అర మెట్టు కిందికి, డి లోకి దిగండి. నాలుగూ మోగుతాయి."

"అర మెట్టే కదండీ, పిల్లలే ఎక్కొచ్చుగా?" తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం అతను.

ఆమె అతన్ని ఒక్క చూపు చూసింది. ఆ చూపులో కోపం ఎంతో, జాలి ఎంతో అతనికి తేలలేదు. "శనివారం పదింటికి రిహార్సల్. వచ్చి చివరి వరుసలో కూర్చోండి, చేతిలో వయొలిన్‌తో."

"నాకు వయొలిన్ రాదు."

"వాళ్ళకీ రాదు. మంచి జత."

గొడుగు తెరుచుకుంది. ఆమె వెళ్ళాక అతను చాలాసేపు క్యారేజీ సంగతే మరిచిపోయాడు.

* * *

శనివారం వెళ్ళాడు. ఎందుకని అడిగితే పని కోసమనే చెప్పేవాడు. పని కోసం వెళ్ళేవాడికి ఇస్త్రీ చొక్కా ఎందుకో మాత్రం చెప్పలేకపోయేవాడు.

రిహార్సల్ హాలు ఒకప్పటి వ్యాయామశాల. పైన రేకుల కప్పు. నేల మీద ఆటల కోసం గీసిన తెల్లగీతలు ఇంకా పూర్తిగా చెరగలేదు. చివరి వరుసలో తొమ్మిది మంది చిన్నవాళ్ళు, వాళ్ళంత చిన్న వయొలిన్లు. పదో కుర్చీ అతనిది.

పక్క కుర్చీలో ముందుపళ్ళు ఊడిన పాప అతన్ని ఎగాదిగా చూసి, చెవి మీది పెన్సిల్ దగ్గర ఆగింది. "పెన్సిల్ అంకుల్, మీరు కొత్తగా చేరారా?"

"అంకుల్ ఏంటి? అన్నయ్యా అను."

"టీచర్! పెన్సిల్ అంకుల్ అన్నయ్యా అనమంటున్నారు!"

హాలంతా గొల్లుమంది. టీచర్ నవ్వలేదు గానీ, చేతిలోని కాగితాలు అవసరమైన దానికంటే పైకి ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకోవడం అతని కంటపడింది.

"అంకుల్‌కి డి తీగ చూపించమ్మా," అంది కాగితాల వెనకనుంచి.

"అన్నిటికంటే లావుదాని పక్కది," అంది పాప గంభీరంగా. "కమాను పెట్టి లాగెయ్యండి. భయపడితే కీచుమంటుంది."

అతను భయపడ్డాడు. అది కీచుమంది. తోక తొక్కిన పిల్లి కూడా అంత అన్యాయంగా అరవదు. పిల్లలు కుర్చీల్లోంచి జారిపడేంతగా నవ్వారు. అతను మాత్రం నవ్వలేదు. చప్పుడు ఆగిపోయినా, ఆ చెక్క తన మెడ ఎముకకు ఆని ఇంకా వణుకుతున్నట్టే ఉంది. ముప్పై ఒక్కేళ్ళలో తన చేతిలోంచి ఒక స్వరం రావడం అదే మొదటిసారి. కళ్ళు ఎందుకు వేడెక్కాయో తెలియక, కమాను స్క్రూ సరిచేస్తున్నట్టు తల వంచుకున్నాడు.

రిహార్సల్ అయ్యాక వాన అందుకుంది. రేకుల మీద ఆ మోతకు మాటలు వినపడటం కష్టంగా ఉంది. ఆమె రెండు కప్పుల టీ తెచ్చి, ఒకటి అతనికిచ్చి, పక్క కుర్చీలో కూర్చుంది. ఇద్దరూ కాస్త దగ్గరగా వంగి మాట్లాడుకోవలసి వచ్చింది. తప్పు వానది.

"పిల్లలు నవ్వినందుకు బాధపడ్డారా?"

"లేదండీ." కప్పు చేతిలో తిప్పాడు. ఎవరికీ చెప్పని మాట గొంతులోకి ఎందుకొచ్చిందో అతనికే తెలియదు. "మా నాన్న బ్యాండ్ మాస్టర్. పెళ్ళిళ్ళకీ వేడుకలకీ వాయించేవాడు. పిలిచేవాళ్ళు ఇరవై మంది బ్యాండు కావాలనేవాళ్ళు. వాయించగలిగింది పద్నాలుగు మంది. మిగతా ఆరుగురు యూనిఫాం వేసుకుని, వాద్యం పట్టుకుని, బుగ్గలు పూరిస్తూ నిలబడేవాళ్ళు. ఆ ఆరుగురిలో నేనొకణ్ణి. ఏడేళ్ళప్పటినుంచి పదేళ్ళ దాకా."

ఆమె టీ తాగడం ఆపేసింది.

"నాకో క్లారినెట్ ఇచ్చాడు. దానికి రీడ్ లేదు, మూతి దగ్గర వణికి మోగించే ఆ సన్న పలక. రీడ్ లేకపోతే ఎంత ఊదినా గాలే. ఆ సంగతి నాకు తెలీదు. మూడేళ్ళు మనస్ఫూర్తిగా ఊదాను. చప్పుడు రాకపోతే తప్పు నాదే అనుకున్నాను. తర్వాతెప్పుడో తెలిసింది. కానీ అప్పటికే నాకు రాదని నాలో నేను తేల్చేసుకున్నా."

"ఊదింది ఈ పాటేనా?"

"ఎక్కువగా ఇదే."

"అందుకే మీకు ఈ పాటంటే పడదు."

"పడదని ఎవరన్నారు?"

"మీ కాగితాలు అన్నాయి. అంత తేలికైన పాటని ఎక్కడా ఊపిరి పీల్చుకోనివ్వకుండా పరుగెత్తించారు. చూస్తే తెలివిగా ఉంది. వింటే కసిగా ఉంది." తర్వాత మెత్తగా అంది. "ఎప్పుడూ పైనుంచి రాస్తారుగా, ముందు బాగా వాయించేవాళ్ళకి? ఈసారి కిందినుంచి రాయండి. ముందు ఆ తొమ్మిది మందికి. వాళ్ళు మోస్తారు, మిగతావాళ్ళు దాని మీద నడుస్తారు."

* * *

అతను అర మెట్టు దిగాడు. ముందు తొమ్మిది మందికి రాశాడు: డి తీగ, ఏ తీగ, మధ్యలో జీ. పొడుగ్గా, తీరిగ్గా. రాస్తుంటే ఒక చిత్రం బయటపడింది. పాటలో ఎక్కడికి వెళ్ళినా ఆ మూడు స్వరాల్లో ఒకటి కింద సరిగ్గా అతుకుతోంది. అంత పాటనీ మోసేవి వేలు పెట్టని తీగలేనని, పదేళ్ళుగా రాస్తున్నా అతను గమనించనేలేదు.

కాగితాలు రోజూ బడికి, బడినుంచి దుకాణానికి తిరిగేవి. ఆమె ఎర్ర పెన్సిల్‌తో రాసేది. 'ఇక్కడ చెల్లోలకి ఊపిరాడటం లేదు.' అతను కింద రాసేవాడు. 'చెల్లోలకేనా, టీచర్‌గారికి కూడానా?' మర్నాడు జవాబు. 'టీచర్‌కి ఆకలేస్తోంది. శనివారం వచ్చేటప్పుడు బన్నులు తెండి.' శనివారం అతను ముప్పై తొమ్మిది మందికీ, ఆమెకూ తెచ్చాడు. తనకు తెచ్చుకోవడం మరిచిపోయాడు. ఆమె తన బన్ను సగం తుంచి అతని స్టాండు మీద, స్వరాల పక్కన పెట్టి వెళ్ళింది. ఆ సగం తినడానికి అతనికి ఇరవై నిమిషాలు పట్టింది.

ఆమె అంటే తనకు ఇష్టమని అతనికి తెలుసు. నాలుగైదుసార్లు చెప్పబోయి, ప్రతిసారీ వాతావరణం గురించి ఏదో మాట్లాడి వచ్చేశాడు.

అన్నీ కుదిరాయి గానీ చివరి పేజీ కుదరలేదు. ఆ పాటను ఎలా ముగించాలి? ఎక్కడ విన్నా జనం చప్పట్లలో అది కరిగిపోతుంది తప్ప, దాని అసలు ముగింపు ఎవరూ వినరు.

"మీ నాన్నగారికి తెలిసుంటుంది కదా," అంది ఆమె.

"ఆయన్ని అడగను," అన్నాడు. ఇంట్లో తండ్రీకొడుకులు ఇద్దరే. అమ్మ పోయి ఆరేళ్ళు. ఇద్దరూ కరెంటు బిల్లు గురించి మాట్లాడుకుంటారు, మందుల గురించి మాట్లాడుకుంటారు. బ్యాండు గురించి మాట్లాడుకోరు.

కార్యక్రమం ఐదు రోజులుందనగా, మధ్యాహ్నం ఏదో మరిచిపోయి ఇంటికి వచ్చిన అతను గుమ్మంలోనే ఆగిపోయాడు. ముందు గదిలో నాన్న, ఎదురుగా టీచర్. ఇద్దరి మధ్యా బల్ల మీద పాత క్లారినెట్.

"మాస్టారు ముగింపు చెప్పారండీ!" అంది ఆమె సంబరంగా.

"అదొక్కటే చెప్పారా?" అతని గొంతు అతనికే కొత్తగా ఉంది. "నేను మీకు చెప్పుకున్నది మీ దగ్గర ఉంచుకుంటారనుకున్నా. ఇక్కడికొచ్చి విచారణ పెడతారనుకోలేదు."

"నేను ఆ మాట ఎత్తలేదు. పాట గురించే అడిగాను."

"చివరి పేజీ మీరే రాసుకోండి."

వానలో గొడుగు లేకుండా బయటికి నడిచాడు. కోపంలో ఉన్నవాడికి గొడుగు గుర్తుండదు. వెనక ఆమె పిలిచిందో లేదో తెలియలేదు.

* * *

మర్నాడు నాన్న దుకాణానికి వచ్చాడు. పదేళ్ళలో ఆయన ఆ వెనక గదిలో అడుగుపెట్టడం అదే మొదలు. గుడ్డలో చుట్టిన క్లారినెట్ బల్ల మీద పెట్టి, స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"ఆ అమ్మాయి ఏమీ అడగలేదురా. నీ మొహం చూసి నేనే అర్థం చేసుకున్నా." కాసేపు గుడ్డ మడతలు సరిచేశాడు. "రీడ్ తీసింది నేనే."

"తెలుసు నాన్నా. నాకు రాదని తీశావు."

"ఛ! నీకు రాదని ఎవరన్నారు?" ముసలాయన నిజంగా విస్తుపోయాడు. "మీ అమ్మకి ఆ మూడేళ్ళూ మిల్లులో సాయంత్రం షిఫ్టు. ఏడేళ్ళ పిల్లాణ్ణి ఇంట్లో ఒంటరిగా ఎట్లా వదలను? బ్యాండులో ఉన్నవాళ్ళకైతే లోపలికి రానిస్తారు, భోజనం పెడతారు. అందుకని నీ కొలతకి యూనిఫాం కుట్టించా. రీడ్ పెడితే నువ్వు ఊరుకుంటావా? ఊదుతావు. కీచుమంటే అందరి ముందూ నిన్ను పక్కకి లాగేసేవాళ్ళు. అదెక్కడ చూడాల్సొస్తుందోనని తీసేశా. లెక్కకి నిలబెట్టిన వాళ్ళు ఐదుగురేరా. నువ్వు లెక్కలోకి కాదు. నువ్వు నా పక్కన ఉండాలని."

అతను చెవి మీది పెన్సిల్ తీసి బల్ల మీద పెట్టాడు.

"చెప్పొచ్చు కదా నాన్నా."

"నువ్వు అడుగుతావని చూశా. నువ్వు అడగలా. నేను చెప్పలా. అట్లా ఇరవై ఏళ్ళు పోయినయ్." ఆయన క్లారినెట్ చేతికిచ్చాడు. "రీడ్ పెట్టా. మీ దుకాణంలోనే కొన్నా, నువ్వు భోజనం చేస్తున్నప్పుడు. ఊదు."

అతను ఊదాడు. బాతు అరిచినట్టు ఏదో బయటికొచ్చింది. ముందు గదిలో ఎవరో తీగల పెట్టె కింద పడేశారు. తండ్రీకొడుకులు ఒకరినొకరు చూసుకుని, ఎన్నేళ్ళుగానో దాచుకున్నట్టు నవ్వారు. నవ్వుతూనే నాన్న కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముగింపు విను. చివరి విడత ముందు బ్యాండు మొత్తం ఆపేస్తాం. ఒక్క ఊపిరి. జనం చప్పట్లు కూడా ఆగుతాయి. అదిగో, ఆ ఊపిరిలోనే పెళ్ళికొడుకు పెళ్ళికూతురి వైపు చూస్తాడు. ఎన్ని పెళ్ళిళ్ళలో చూశానో! తర్వాతే మళ్ళీ ఎత్తుకోవాలి."

ఆ సాయంత్రమే అతను చివరి పేజీ రాసి బడికి పరుగెత్తాడు. ఆమె ఒక్కతే హాల్లో కుర్చీలు సర్దుతోంది.

"పొరపాటు నాదండీ. కోపం మీ మీద కాదు. ఎదురుగా మీరు దొరికారు."

"నాదీ తప్పుంది," అంది ఆమె కుర్చీ వదలకుండా. "మీ ఇంటి తలుపు తట్టేముందు మిమ్మల్ని అడగాల్సింది. రాత్రంతా అదే ఆలోచించా. మీరు రారేమోనని..." అక్కడ ఆగి, కాగితం లాక్కుని చదివింది. ఒక ఖాళీ బార్, ఎవరూ వాయించని ఒక్క ఊపిరి విరామం. ఆ తర్వాత చివరి వరుస ఒక్కటే, డి తీగ. "తొమ్మిది మంది అని రాయాలిగా. పది అని ఉందేంటి?"

"పదో కుర్చీ నాది."

* * *

ఆ రోజు హాలు కిక్కిరిసింది. నాన్న పాత యూనిఫాం కోటు వేసుకుని రెండో వరుసలో కూర్చున్నాడు. గుండీలు పట్టకపోతే వదిలేశాడు. చివరి వరుసలో అతను, పిల్లల మధ్య తాటిచెట్టులా.

పాట మొదలైంది. ముందు చివరి వరుస, పొడుగ్గా డి. దాని మీదికి చెల్లోలు వచ్చాయి, వయోలాలు వచ్చాయి. చివరికి వయొలిన్లు ఆ పాత బాణీని ఎత్తుకునేసరికి హాలంతా చప్పట్లు అందుకుంది. చిన్నప్పటినుంచి వినీ వినీ విసిగిన పాట అతనికి ఆ రోజు కొత్తగా వినిపించింది. లోపలినుంచి వినడం అతనికదే మొదలు.

ఖాళీ బార్ వచ్చింది. ముప్పై తొమ్మిది కమాన్లూ, ఒక పెద్ద కమానూ ఆగాయి. చప్పట్లూ ఆగాయి. టీచర్ చెయ్యి గాలిలో ఉంది. ఆమె కళ్ళు చివరి వరుస దాకా వచ్చి, పదో కుర్చీ దగ్గర నిలిచిపోయాయి.

చెయ్యి దిగాలి. దిగలేదు.

ఒక ఊపిరి అయింది. రెండయ్యాయి. పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు. "అంకుల్, టీచర్ మర్చిపోయారు," అని పాప గుసగుసలాడింది. ఇక్కడ ఎవరో ఒకరు ముందు మోగించాలి, ఒంటరిగా, ఇంతమంది ముందు. కమాను తీగకు ఆనించి లాగాడు.

కీచుమనలేదు. డి, నిండుగా, తిన్నగా, హాలు చివరి దాకా వెళ్ళింది. వెంటనే పాప అందుకుంది, తర్వాత మిగతా ఎనిమిది మందీ. టీచర్ ఉలిక్కిపడి చెయ్యి దించింది. ఆర్కెస్ట్రా మొత్తం లేచింది. ఆ తర్వాతి చప్పట్లలో పాట ముగింపు మళ్ళీ ఎవరికీ వినపడలేదు. రెండో వరుసలో ముసలాయన ఒక్కడే చప్పట్లు కొట్టడం మరిచిపోయి కూర్చున్నాడు.

జనం ఖాళీ అయ్యారు. బయట వాన. నాన్న హాలు అవతలి చివర, చివరి కుర్చీలో కూర్చుని గొడుగు మడతలు విప్పుతున్నాడు.

"కార్యక్రమం మధ్యలో టీచర్‌గారు పాట మర్చిపోయారట. పిల్లలు చెప్పుకుంటున్నారు," అన్నాడు అతను.

"వాన చప్పుడు వింటున్నా."

"అప్పుడు వాన లేదు."

ఆమె చెంపలు ఎర్రబడ్డాయి. "సరే, మీరు చెప్పండి. నెల రోజులుగా ఏదో చెప్పబోతారు, ఆగిపోతారు. వాతావరణం అంటారు, బన్నులంటారు. కమాను గాలిలో ఊపుతున్నారు మీరు. తగలనివ్వండి."

అతను నేల మీది తెల్లగీతను చూశాడు. తర్వాత ఆమెను చూశాడు. "మీరంటే నాకు ఇష్టం. చాలా ఇష్టం. మీతో కలిసి బతకాలనుంది," అన్నాడు, ఆమెకు మాత్రమే వినపడేంత మెల్లగా.

"వినపడలేదురా!" అని హాలు చివరనుంచి నాన్న కేకేశాడు. "చివరి కుర్చీ దాకా రావాలి. మళ్ళీ ఎత్తుకో!"

ఆమె పకపకా నవ్వేసింది. నవ్వుతుంటే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అతను గట్టిగా గాలి పీల్చుకుని, రేకుల మీది వాన మోతను దాటేట్టు, ఉన్న మాటను ఉన్నట్టు మళ్ళీ చెప్పాడు.

"నాకూ అంతే," అంది ఆమె. తర్వాత హాలు చివరికి తిరిగి గొంతు పెంచింది. "వినపడిందా మాస్టారూ?"

"నీ మాట వినపడింది గానీ, పిలుపే శృతి తప్పిందమ్మా," అన్నాడు ముసలాయన గొడుగు తెరుస్తూ. "మావయ్యా అని చూడు."